నాలుగు వేళ్ల గాలి

గాజు ఫ్లాస్కును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. మూతికి తొడిగిన ఎర్ర బెలూను తువ్వాలు అంచు మీద వాలి ఉంది. ఉదయగిరి బస్టాండులో ఎక్కినప్పటి నుంచి పక్క సీటావిడ దాన్నే చూస్తోంది, పిల్లలకా అని అడిగింది, కాదు మా అమ్మకు అన్నాను, ఆవిడ తన సంచిని కాస్త అవతలికి జరుపుకుంది. నలభై అయిదేళ్ల మనిషి, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం, డెబ్బై ఏళ్ల తల్లికి బెలూను తీసుకుపోతోందంటే ఎవరైనా జరుగుతారు. పన్నెండు నలభైకి కదిలింది బస్సు, రెండింటికల్లా ఆత్మకూరు, అమ్మ మర్రిపాడు వైపు నుంచి ముందే వచ్చి బస్టాండులో కూర్చుని ఉంటుంది, రెండున్నరకు ఊపిరితిత్తుల డాక్టరు. ఈ గంటా ఇరవై నిమిషాల్లో నేనొక మాట తయారు చేసుకోవాలి. నీ తప్పు లేదమ్మా, అని. అంతే. ఇంత చిన్న మాటకు ఫ్లాస్కు ఎందుకంటే, నాకు వట్టి చేతులతో మాట్లాడడం చేత కాదు, చేతిలో సుద్దముక్కయినా ఉండాలి.

పొద్దున మొదటి పీరియడ్, చార్లెస్ నియమం. స్థిర పీడనం వద్ద, నియమిత ద్రవ్యరాశి గల వాయువు ఘనపరిమాణం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న వాక్యం, నిద్రలో లేపి అడిగినా కామాలతో సహా అప్పజెబుతాను. ఒత్తిడి మారకుండా ఉంటే వేడెక్కిన గాలి పెరుగుతుంది, చల్లబడిన గాలి తగ్గుతుంది, ఎవరూ పోయకపోయినా పెరుగుతుంది, ఎవరూ తీసుకోకపోయినా తగ్గుతుంది, రాసుకోండి, పరీక్షలో వస్తుంది. ఫ్లాస్కును వేడినీళ్ల గిన్నెలో పెడితే బెలూను లేచి నిలబడింది, పిల్లలు నవ్వారు, చన్నీళ్ల బకెట్లో పెడితే వాలిపోయింది, మళ్లీ నవ్వారు. ఏటా నవ్వేది ఈ రెండు చోట్లే, నేనూ ఏటా ఆ రెండు చోట్ల కాస్త ఆగుతాను. అప్పుడు మూడో బెంచీలోంచి అంజలి లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. "మేడం, మా అవ్వోళ్ల ఊర్లో గోబర్ గ్యాస్ డ్రమ్ము తెల్లారేతలికి దిగిపోయి ఉంటాది. మజ్జానానికి దానంతటదే లేస్తాది. ఇదేనా మేడం అది?" ఇదే, అన్నాను. వెరీ గుడ్, కూర్చో, అన్నాను. బోర్డు వైపు తిరిగి ఏదో రాయబోయాను, ఏం రాయాలో తెలియలేదు. చెయ్యి పైకెత్తి ఎంతసేపు నిలబడ్డానో, వెనక పిల్లలు గుసగుసలాడుకోవడం వినపడింది.

పద్దెనిమిదేళ్లు. ఏటా బెలూను కొన్నాను, ఏటా నీళ్లు కాచాను, ఒక్క ఏడాదన్నా మా ఊరి డ్రమ్ము గుర్తు రాలేదు. రాలేదా, రానివ్వలేదా. పుస్తకంలో వాయువు వేరు, మా ఊరి గాలి వేరు అనుకున్నట్టున్నాను. పరీక్షలో అయిదు మార్కుల లెక్క వచ్చేది పుస్తకంలో వాయువుకు, మా ఊరి గాలికి వచ్చేది పేడ కంపు. బస్సు ఎండలోకి మళ్లింది. కిటికీలోంచి ఎండ ఒళ్లోకి పడింది, వెనక దుర్గం కొండ చిన్నదైపోతోంది, ఎర్రమట్టి, కంపచెట్లు, మళ్లీ ఎర్రమట్టి. కంప చూస్తే పొగ వాసన వస్తుంది నాకు, తడి కంప పొగ, అమ్మ చీర పొగ. తువ్వాలు మీద బెలూను కొంచెం కదిలింది. ఎండకు. కొంచెం లేచింది. నువ్వొకదానివి, నీకు లేవడానికి కొంచెం ఎండ చాలు అనుకుని, మళ్లీ తప్పు దానిదేమిటి అనుకున్నాను.

మా ఊళ్లో ఆ డ్రమ్ము వచ్చిన ఏడు నేను ఆరో తరగతి. మూడిళ్లకు కలిపి ఒక గోబర్ గ్యాస్. నారాయణయ్య తాతవాళ్ల దొడ్లో గుంత తవ్వి, సిమెంటు చేసి, పేడ కలిపిన నీళ్లు పోసి, దాని మీద నల్లరంగు ఇనప డ్రమ్మును బోర్లించారు. గ్యాసు పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేచేది, వాడేకొద్దీ దిగేది. డ్రమ్ము బరువే గ్యాసును నొక్కిపట్టేది, ఆ బరువు పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. స్థిర పీడనం అంటే అదే, ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేదు, పద్దెనిమిదేళ్లలో ఎన్నిసార్లు చెప్పానయ్యా అంటే ఒక్కసారీ చెప్పలేదు. మూడిళ్లూ రోజూ పేడ తెచ్చి పొయ్యాలి, మూడిళ్లూ సమానంగా వాడుకోవాలి. సమానం ఎట్లా తెలుస్తుంది. దానికి నారాయణయ్య తాత ఒక పద్ధతి పెట్టాడు. డ్రమ్ము పక్కన ఒక వెదురు బొంగు పాతించాడు. ఒక ఇంటి వంట అయిపోగానే డ్రమ్ము పై అంచు ఎక్కడుందో అక్కడ బొంగు మీద గీత గియ్యాలి. ముందటి గీతకూ ఈ గీతకూ మధ్య ఎన్ని వేళ్లుంటే ఆ ఇల్లు అన్ని వేళ్ల గ్యాసు వాడినట్టు. ఇంటికి ఆరు వేళ్లు. గీసేది ఎవరు అంటే, బళ్లో ఫస్టు వచ్చే పిల్ల, చెంచమ్మ కూతురు సుజన, నేను.

ఎంత గర్వంగా ఉండేదో. బళ్లోంచి తెచ్చిన సుద్దముక్క గౌను జేబులో వేసుకుని తిరిగేదాన్ని. మా ఇంటి గీత పక్కన చె, తాతవాళ్ల గీత పక్కన నా, దేవకమ్మత్త గీత పక్కన దే. తెల్లారుజామున మాది మొదటి వంట, నాయన గొర్రెలు తోలుకుని పొద్దు పొడవకముందే పోవాలి కాబట్టి. తొమ్మిదింటికి తాతవాళ్లది. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే దేవకమ్మత్తది, అదే ఆఖరిది. పెద్దవాళ్లు బొంగు దగ్గర నిలబడి, ఎన్ని వేళ్లు పాపా, అని నన్ను అడిగేవాళ్లు. పదకొండేళ్ల పిల్లను. నేను వేళ్లు ఆనించి కొలిచి చెప్పేదాన్ని, నేను చెప్పిందే మాట. అట్లాంటి అధికారం ఆ తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు, ఈ మేడం ఉద్యోగంలో కూడా దొరకలేదు.

వానాకాలమంతా బాగానే ఉంది. మార్గశిరం వచ్చింది, చలి ముదిరింది, పగలు మాత్రం ఎండ మాడ్చేది, మా వైపు అంతే కదా. అప్పుడు గీతలు తిరగబడ్డాయి. సాయంత్రం దే గీతకూ తెల్లవారి చె గీతకూ మధ్య పది వేళ్లు, ఒక్కో రోజు పదకొండు. దేవకమ్మత్తకేమో పొద్దుటి నా గీత నుంచి సాయంత్రం దే గీతకు రెండు వేళ్లే. ఆమె పొదుపును అందరూ మెచ్చుకున్నారు. మా బర్రెల పేడ బలం, పోసిన గంటకే గ్యాసు లేస్తాది, అని ఆమె చెప్పుకుంది, నమ్మారు. పగటి ఎండ ఆమె పొయ్యిలో వెలిగి ఆమెకు పేరు తెచ్చింది, తెల్లవారుజాము చలి మా అమ్మ నెత్తిన పడింది. చెంచమ్మ రాత్రిపూట దొంగతనంగా పొయ్యి వెలిగిస్తోంది, గొర్రెలకు ఉలవలు ఉడకేస్తోంది, పుట్టింటివాళ్లకు చేసి పంపుతోంది. ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. అమ్మ పొయ్యి ముట్టించే వేళకు ఊళ్లో ఇంకెవరూ లేచి ఉండరు, ముట్టించకముందు డ్రమ్ము ఎక్కడుందో అమ్మ తప్ప చూసినవాళ్లు లేరు.

కండక్టరు వచ్చాడు, ఆత్మకూరు ఒకటి అన్నాను, ఇందాకే తీసుకున్నారు గదా మేడం అన్నాడు, చేతిలోనే ఉంది టికెట్టు. టికెట్టు వెనక ఎప్పుడు రాశానో లెక్క రాసి ఉంది. సాయంత్రం డ్రమ్ములో నలభై డిగ్రీలు అనుకుందాం, కెల్విన్‌లో మూడువందల పదమూడు. తెల్లవారి పద్దెనిమిది, అంటే రెండువందల తొంభై ఒకటి. గ్యాసు ఎత్తు నాలుగడుగులు. వి వన్ బై టి వన్ ఈజ్ ఈక్వల్ టు వి టు బై టి టు. నలభై ఎనిమిది అంగుళాల్లో మూడంగుళాల పైచిలుకు తగ్గాలి. మూడంగుళాల పైచిలుకంటే నాలుగు వేళ్లు దాటి. ఆరు వేళ్లు అమ్మ వాటా, నాలుగు వేళ్లు చలి వాటా, మొత్తం పది. బొంగు మీద నేను కొలిచింది పది. లెక్క ఎంత చక్కగా సరిపోయిందో, ఇట్లాంటి లెక్క వస్తే పిల్లల పేపర్లో ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి అయిదుకు అయిదు వేస్తాను. ఆ నాలుగు వేళ్లకే మా అమ్మ ముప్ఫై నాలుగేళ్లుగా దొంగ.

ఆ పొద్దు అందరూ బొంగు చుట్టూ నిలబడ్డారు. నాయన గొర్రెలను తోలకుండా ఆగిపోయాడు, కర్ర మీద గడ్డం ఆనించి నేల చూశాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "చలికి దానంతటదే దిగతా ఉండాది మామా. నేను పొయ్యి ముట్టించకముందే నాలుగు వేళ్లు దిగి ఉంటాది. నమ్మకపోతే ఈ రాత్రికి నా పైపుకు తాళమెయ్యండి. తెల్లారి మీరే వచ్చి చూసుకోండి," అంది. అక్షరం రాని మనిషి. పరీక్ష ఎట్లా పెట్టాలో అక్షరం రాని మనిషి చెప్పింది, ఒకదాన్ని కట్టేసి రెండోది మారుతుందేమో చూడమని, నేను ఎంఎస్సీ దాకా చదివి నేర్చుకున్నది అదే. నారాయణయ్య తాత న్యాయంగల మనిషి, ఇంట్లోకి పోయి బర్రె గొలుసూ తాళంకప్పా తెచ్చాడు. తాళం ఆయన చేతిలో ఉంది. ఇంకో నిమిషముంటే పైపు బిరడాకు పడిపోయేది, మర్నాడు తెల్లారి డ్రమ్ము నాలుగు వేళ్లు దిగి ఉండేది, అందరూ చూసేవాళ్లు. దేవకమ్మత్త అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది. "తాళమెందుకు మామా. గీతలు గీసేది ఈ బిడ్డే గదా, పడుకునేది వాళ్లమ్మ పక్కనే గదా. బిడ్డను అడగండి, బిడ్డ అబద్ధం చెప్పదు," అంది. అందరూ నా వైపు చూశారు. రాత్రి పొయ్యి చప్పుడు వినపడింది తాతా, అన్నాను నేను.

తాళం తాత చొక్కా జేబులోకి పోయింది. ఆ చప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ వినపడుతుంది, జేబులో తాళంచెవి తాళానికి తగిలిన చప్పుడు. మధ్యాహ్నానికి మా పైపు కోసేశారు. నాయన సాయంత్రం గొర్రెల వెనక వస్తూ భుజాన కంపమోపు తెచ్చి వాకిట్లో వేశాడు. అమ్మ దాన్ని విరిచి పొయ్యిలో పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు, కొట్టలేదు, కొట్టి ఉంటే బాగుండు. మర్నాడు నాకు జడ వేసింది, గట్టిగా కూడా లాగలేదు. అప్పటి నుంచి కంప పొగ. డ్రమ్ము తుప్పుపట్టి ఇనప సామాన్లవాడికి పోయింది, నారాయణయ్య తాత పోయాడు, నాయన పోయాడు, ఇంటింటికీ సిలిండర్లు వచ్చాయి, అమ్మకూ ఇచ్చారు. దాని మీద నీళ్లబిందె పెట్టుకుంది. పోయిన ఏడు దగ్గు మొదలైంది, ఈ ఏడు పది అడుగులకోసారి ఆగుతోంది. పొగ మానితే మనిషి నిలబడుతుంది, మానకపోతే నా మందులు దండగ అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ గాలి జోలికి నేను పోను, అంది అమ్మ. మొండితనం అన్నాను నేను. చదువులేకపోతే ఇంతే అన్నాను. ఆ మాట అమ్మ వినేటట్టే అన్నాను, డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. నా నోరు పడిపోను.

సరే. ఈ రోజుతో అయిపోతుంది అది. బస్టాండులో టీ కొట్టతని దగ్గర వేడినీళ్లు తీసుకుంటాను, అమ్మకు చూపిస్తాను, డాక్టరు దగ్గరి నుంచి వచ్చాక ఆదివారం ఊరికి పోతాను, దేవకమ్మత్త ఇంకా ఉంది, నారాయణయ్య తాత కొడుకు సురేంద్రబాబు ఉన్నాడు, వీధిలోవాళ్లందరినీ పిలుస్తాను. చూడండి, ఇది వేడి, ఇది చలి. మా అమ్మ దొంగ కాదు, ప్రకృతి సూత్రం అది, అప్పుడు ఎవరికీ తెలియలేదు, ఎవరి తప్పూ లేదు. అందరూ తలలూపుతారు. సుజన ఎంత చదివిందిరా అంటారు. అమ్మ సిలిండరు మీద బిందె దించుతుంది. నేను మధ్యలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంటాను, అందరూ నా వైపు చూస్తూ ఉంటారు, మళ్లీ. ఎవరి తప్పూ లేదు. ఎంత బాగుంది ఈ మాట, చల్లగా ఉంది. చలి చేసింది, లెక్క చేసింది, చార్లెస్ గారు ముందే చెప్పి ఉన్నారు. బొంగు మీద గీతలైతే నిజమే కదా, పది వేళ్లూ నిజమే కదా. మరి చప్పుడో.

చప్పుడు. నేనేం విన్నాను. ఇన్నేళ్లుగా ఏదో ఒకటి విన్నాననే చెప్పుకున్నాను. అమ్మ లేచింది, గొర్రెపిల్లకు పాలు పట్టడానికేమో, తలుపు గొళ్లెం తీసింది, నిద్రమత్తులో పొయ్యి అనుకున్నాను, చిన్నపిల్లను. ఒక ఏడు గొర్రెపిల్ల, ఒక ఏడు గొళ్లెం, ఒక ఏడు గాలికి ఊగిన రేకు. గొర్రెపిల్ల ఆ నెలలో మాకు లేనే లేదు. రేకు మరుసటి ఏడు వేశారు. అమ్మ ఆ రాత్రి లేవలేదు. నేను అమ్మ కడుపులో తల పెట్టుకుని పడుకున్నాను, చలి అని, అమ్మ లేస్తే నాకు మెలకువ వచ్చేది. నేనేమీ వినలేదు. తాళం వేస్తే ఏమవుతుంది అని ఆ నిమిషంలో అనుకున్నాను, ఇది మాత్రం బాగా గుర్తుంది, తాళం వేసినా డ్రమ్ము దిగితే నా గీతలు తప్పని తేలుతుంది, ఇంక ఎవరూ ఎన్ని వేళ్లు పాపా అని అడగరు. సుద్దముక్క తీసేసుకుంటారు. అమ్మ ఒకవైపు, గీతలు ఒకవైపు. నేను గీతల వైపు పోయాను. పక్క సీటావిడ ఏమైందమ్మా అంది. కంట్లో దుమ్ము అన్నాను. కిటికీ మూసే ఉంది.

ఆత్మకూరు బస్టాండులో అమ్మ సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది, ఎక్స్‌రే కవరు ఒళ్లో, పీల్చే మందు కొంగుముడిలో. నేను టీ కొట్టతన్ని అడిగి స్టీలు మగ్గులో వేడినీళ్లు తెచ్చాను. అమ్మ ఏంది ఇది అని అడగలేదు. ఫ్లాస్కును నీళ్లలో పెట్టాను, బెలూను లేచింది. ఫ్లాస్కును బయటికి తీసి నా సీసాలో చన్నీళ్లు దాని మీద పోశాను, వాలిపోయింది. పక్క బెంచీ మీద ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. నా గొంతు క్లాసు గొంతైపోయింది, నాకే వినపడుతోంది. చల్లబడితే గాలి దానంతటదే తగ్గుతుందమ్మా, డ్రమ్ము అందుకే దిగింది, నువ్వు వాడుకోలేదు, నీ తప్పు లేదు, అన్నాను.

అమ్మ బెలూను వైపు చూసింది, తర్వాత నా మొహం చూసింది. "ఆ మాట నేను ఆ పొద్దే చెప్పినాను గదమ్మే. తాళమెయ్యమని కూడా చెప్పినాను," అంది. దగ్గు వచ్చింది, ఆగింది. "డ్రమ్ము సంగతి నాకు తెలుసు. ఆ రాత్రి నీకేం చప్పుడు వినపడింది, అది చెప్పు."

బద్వేలు బస్సు ఒకటి వెనక్కు తిరుగుతోంది, కండక్టరు చరుస్తున్నాడు దాన్ని. చేతిలో ఫ్లాస్కు తడిగా ఉంది.

"ఏం వినపడలేదు," అన్నాను.

అమ్మ తలూపింది, ఎవరైనా టైము చెప్పినప్పుడు ఊపినట్టు. కోప్పడలేదు, దగ్గరికీ తీసుకోలేదు. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, బెంచీ పట్టుకుని లేచింది. ఇంక ఆ సిలిండరు ముట్టిస్తావా అమ్మా, అని అడిగాను, ఎట్లా అడిగానో. "దేవకమ్మ ఇంకా ఉండాది. ఊరికొచ్చి ఆమె ముందర, వీధిలో, ఇప్పుడు నాకు చెప్పినావే, ఆ మాట చెప్పు. ఆ సాయంత్రమే ముట్టిస్తా," అంది.

"ఆదివారం వస్తాను. ఇది కూడా తెస్తాను, అందరికీ చూపిస్తే అర్థమవుతుంది," అన్నాను.

"అది తేబాక. నోరు తెచ్చుకో."

నడిచింది. పది అడుగులు వేసి స్తంభం పట్టుకుని ఆగింది, మళ్లీ పది. నేను వెనకాలే పోయాను, ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో తడి తువ్వాలు. ఆమె ముందర, వీధిలో, నా విద్యార్థుల తల్లిదండ్రులు కూడా ఉంటారు ఆ వీధిలో. సరేనమ్మా అనడానికి నాకు ఆస్పత్రి మెట్ల దాకా పట్టింది.